పులుసుకా, ఫ్రైకా?

హైదరాబాద్ రాంనగర్ చేపల మార్కెట్లో అమ్మేవాళ్లు వేరు, కోసేవాళ్లు వేరు. నేను కోసేదాన్ని. అక్కడున్న చేపల్లో ఒక్కటీ నాది కాదు. కొన్నవాళ్లు సంచి తెచ్చి నా ముందు పెడితే, కిలోకి ఇంతని కూలి తీసుకుని కోసిస్తాను. కత్తిపీట, మొద్దు, డ్రమ్ములో నీళ్లు, డబ్బాలో కట్టెల పొయ్యి బూడిద. నా పెట్టుబడి అంతే.

సంచి అందుకోగానే అడుగుతాను, "పులుసుకా అన్నా, ఫ్రైకా?" అని. చాలామంది "ఏదో ఒకటి, జల్ది కొయ్యి అక్కా" అంటారు. ఆ తొందర నాకు నచ్చదు. పులుసు ముక్క బొటనవేలి మందం ఉండాలి, లేకపోతే ఉడికేసరికి విడిపోతుంది. ఫ్రైకి అందులో సగం చాలు. అప్పుడే కారం లోపలిదాకా పడుతుంది, పైన మాడకముందే లోపల వేగుతుంది. మందంగా కోసిన ముక్కను ఇంటికి తీసుకెళ్లి కూరగాయల కత్తితో పలచగా చేద్దామంటే నలిగిపోతుంది.

నా దగ్గరికి ఎక్కువగా వచ్చేవి రవ్వ, బొచ్చె. కైకలూరు, ఆకివీడు, భీమవరం వైపు చెరువుల్లో పెంచినవి ఐసులో సర్ది లారీల్లో వస్తాయి. ఈ రెండింటికీ వెన్నెముక, పక్కటెముకలు కాక మాంసంలో విడిగా సన్నముళ్లుంటాయి, కొస చీలి పంగలకర్రలా. గొంతులో ఇరుక్కునేవి ఇవే. వీపు వైపు, తోక వైపు ఎక్కువ. పొట్ట భాగంలో ఉండేవి పెద్ద పక్కటెముకలు, కంటికి కనిపిస్తాయి, లాగితే వచ్చేస్తాయి. అందుకే ఇంట్లో చిన్నపిల్లలున్నారని చెబితే పొట్ట ముక్కలు విడిగా కట్టిస్తాను. చెబితేనే కదా నాకు తెలిసేది!

కొరమీనుకు ఆ సన్నముళ్లు ఉండవు. దాని ధరకు అదొక కారణం, ప్రాణంతో అమ్మడం ఇంకో కారణం. పైగాలి పీల్చుకోగలదు కాబట్టి టబ్బులో కొద్దిపాటి నీళ్లున్నా గంటల తరబడి బతికే ఉంటుంది. ఒంటి మీది జిగురుతో చేతికి దొరకదు, బూడిద అద్దితేనే పట్టు చిక్కుతుంది. ఆ బూడిదతోనే గరుకు రాతి మీద రుద్ది జిగురు, పొలుసు వదిలిస్తాం.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది పొట్ట చీల్చేటప్పుడు. కార్జాన్ని అంటుకుని ఆకుపచ్చటి చిన్న తిత్తి ఉంటుంది. అది చిట్లిందంటే ఆ పసరు తగిలిన మాంసమంతా చేదు. అందుకే కత్తి లోతుగా దిగనివ్వను. చర్మం తెగేంత గీరి, లోపలిదంతా వేళ్లతోనే తీస్తాను. షుగర్‌కు మంచిదని, కీళ్లనొప్పులకు మంచిదని కొందరు ఆ తిత్తి అడుగుతారు. నేను ఇవ్వను. రవ్వ, గడ్డిచేప తిత్తులు మింగి కిడ్నీలు దెబ్బతిని డయాలసిస్ దాకా వెళ్లినవాళ్ల గురించి మన దేశపు డాక్టర్లే రాశారు. ఉడికించినా ఆ విషం పోదు. డబ్బులిస్తామన్నా సరే, వాళ్ల ముందే చెత్తలో వేస్తాను.

నా దాకా వచ్చేసరికి కొనడం అయిపోతుంది గనుక ముందే చెబుతున్నాను: మొప్ప ఎత్తి చూడండి, ఎర్రగా ఉండాలి. కన్ను ఉబ్బెత్తుగా, తేటగా ఉండాలి. వేలితో నొక్కితే గుంట నిలవకూడదు. నిల్వ చేప అయితే కోసేటప్పుడు పక్కటెముకలు మాంసాన్ని వదిలి పైకి పొడుచుకొస్తాయి. అది కనిపిస్తే నేను నోరు మూసుకోను, కొన్నవాళ్లకు చూపిస్తాను. అమ్మినవాళ్లతో మాట పడాల్సి వచ్చినా సరే.

జూన్ మొదటి వారం దాటాక మృగశిర కార్తె వస్తుంది. ఆ రోజు చేప తినాలని తెలంగాణలో పట్టింపు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు సముద్రంలో మరబోట్ల వేటకు నిషేధం కాబట్టి భారమంతా చెరువు చేపల మీదే పడుతుంది. ఆ రద్దీలో పులుసుకా, ఫ్రైకా అని అడిగేందుకు తీరిక ఎక్కడిదని తోటివాళ్లంటారు. నేను ఆ రోజూ అడుగుతాను. ఏడాదికోసారి చేప వండే ఇల్లు కూడా ఉంటుంది మరి.

ఐసు నీళ్లలో నాని వేళ్ల సందులు ఒరుసుకుపోతాయి. జెల్ల ముల్లు గుచ్చుకుంటే ఆ రాత్రి చెయ్యంతా సలుపుతుంది. అందుకే జెల్ల వస్తే ముందుగా వీపు మీది ముల్లు, రెండు పక్కల ముళ్లు నరికేశాకే మిగతా పని. తొడుగు ఎడమ చేతికి వేసుకుంటాను. కుడి చేతికి వేస్తే లోపలి తిత్తి వేలికి తెలియదు. రోజంతా గొంతుకు కూర్చుని పని చేయడంతో నడుము, మోకాళ్లు పట్టేస్తాయి. నిలబడి కోసుకునేంత ఎత్తు బల్ల, ఆగకుండా వచ్చే మంచినీళ్లు, మురుగు పోయే కాలువ: ప్రతి చేపల మార్కెట్లో ఈ మూడూ ఉండాలి. అవి మా ఒంటి కోసమే కాదు, మీ ముక్క శుభ్రత కోసం కూడా.