పట్టణపు వీధులు - పొలపు డొంకలు

బెజవాడ నడుమ ఏలూరు, బందరు, రైవసు కాలువలు పారుచున్నవి. కావున ఆవలి పేటకు పోవలెనన్న వంతెన చుట్టిపోక తప్పదు.

ఊరు పొలములలోనికి ప్రాకునప్పుడు చిక్కు వేరు. కమతములు విడివిడిగా ప్లాట్లగును. ఒకదానిలోని వీధి గట్టువద్దనే ఆగిపోవును. రైతుకు అంతకంటె కీడు మెరక తోలుటవలన కలుగును. సాగునీటి బోదె పూడిన దిగువచేను ఎండును, మురుగుబోదె పూడిన ఎగువచేను మునుగును.

పొరుగుచేను ప్లాట్లగునని విన్నంతనే గ్రామపటము చూడుడు. అందులో పోరంబోకుగా ఉన్న డొంకను మూయు హక్కు కొన్నవానికి లేదు. ప్లాట్ల వీధులు సైతము తరచు ఆ డొంకమీదికే వచ్చి కలియును. పటమున కానరాని పిల్లబోదెలే మొదట పోవును. వాటికి తూములు వేయించునట్లు అమ్మకమునకు ముందే పొరుగురైతుచేత కాగితము వ్రాయించుకొనుడు. ప్లాట్లు వేసినవాడు పిదప కనబడడు.