బాబాయి తుపాకి

తాడేపల్లిగూడెంలో మా బాబాయి పోయాక బీరువాలో ఆయన రెండు గొట్టాల తుపాకి మిగిలింది. ఒకప్పుడు కొల్లేటి బాతుల వేటకి కొన్నదట. 1999లో కొల్లేరు అభయారణ్యమైంది, వేట మాటెత్తితే జైలే!

"అమ్మా, ఇక్కడ టెక్సాస్‌లో పక్క రాష్ట్రంవాళ్లకీ లైసెన్సిస్తారు, దాన్ని నా పేర రాయించు" అన్నాడు పెద్దాడు ఫోన్లో. మన దగ్గర అలా కుదరదండీ. కాపురమున్న జిల్లాలోనే అడగాలి. గూడెంవాళ్లకి ఒకప్పుడు ఏలూరు, 2022 నుంచి భీమవరం. 2016 నిబంధనల ప్రకారం వారసురాలిగా పిన్ని అడగొచ్చు. ఈలోగా తుపాకి ఇంట్లో ఉంచితే కేసు ఆవిడమీదే. పోలీస్‌స్టేషన్లోనో, లైసెన్సున్న ఆయుధాల దుకాణంలోనో అప్పగించాలి.

"నాకెందుకే తుపాకి?" అంది పిన్ని. మొన్న సోమవారం తమ్ముణ్ణి తోడు తీసుకెళ్లి, స్టేషన్లో ఇచ్చి రసీదు తెచ్చుకుంది.