మంచు కింద ఉక్కు గదులు

బదరీనాథ క్షేత్రానికి మూడు కిలోమీటర్ల ఎగువన, టిబెట్ సరిహద్దు దారిలో మాణా గ్రామం ఉంది. సముద్రమట్టానికి సుమారు 3,200 మీటర్ల ఎత్తు. శీతకాలం రాగానే ఆలయ ద్వారాలు మూతపడతాయి. గ్రామస్థులు దిగువ ఊళ్లకు తరలిపోతారు. తరతరాల అనుభవం వారికి నేర్పిన జాగ్రత్త అది. అయితే సరిహద్దు రహదారి మూతపడరాదు కనుక, మంచు తొలగించే కార్మికులు మాత్రం అక్కడే ఉండిపోతారు.

2025 ఫిబ్రవరి 28. సరిహద్దు రహదారుల సంస్థ శిబిరంలో ఎనిమిది ఉక్కు కంటెయినర్లు, ఒక షెడ్డు. వాటిలో 54 మంది కార్మికులు. ఇంకా తెల్లవారకముందే కొండవాలు నుండి మంచుచరియ విరుచుకుపడింది. కంటెయినర్లు వాలు వెంట దొర్లి మంచులో కూరుకుపోయాయి.

కొత్తగా కురిసిన మంచు పాతపొరను గట్టిగా పట్టుకొనక మునుపే బరువెక్కితే, ఒక్కసారిగా జారుతుంది. 30 నుండి 45 డిగ్రీల వాలులలో ఈ ప్రమాదం అధికం. మంచులో నేరుగా కూరుకుపోయినవారికి తొలి పది, పదిహేను నిమిషాలే కీలకం, ఆపై ఊపిరాడదు. మాణాలో గంటల తరబడి చిక్కుకున్నవారు సైతం బ్రతికి బయటపడ్డారంటే, నలగని ఉక్కు గోడలూ, లోపల నిలిచిన గాలీ అందుకు ముఖ్య కారణాలు.

సైన్యం, ఇండో-టిబెటన్ సరిహద్దు పోలీసు దళం, విపత్తు సహాయ దళాలు ఎడతెగక కురిసే మంచులోనే గాలింపు సాగించాయి. దారి మూసుకుపోవడంతో క్షతగాత్రులను హెలికాప్టర్లలో జ్యోతిర్మఠ్ సైనిక ఆసుపత్రికి చేర్చారు. శిక్షణ పొందిన జాగిలాలు, భూగర్భాన్ని శోధించే రాడార్ తోడ్పడ్డాయి. మార్చి 2న గాలింపు ముగిసేనాటికి 46 మంది ప్రాణాలతో దక్కారు. ఎనిమిదిమంది అసువులు బాశారు.

ముందునాడే, 2,400 మీటర్లకు పైబడిన ప్రాంతాలకు మంచుచరియల ముప్పు పొంచి ఉన్నదని చండీగఢ్‌లోని రక్షణ పరిశోధన సంస్థ హెచ్చరించింది. ఇదే చమోలీ జిల్లాలోని సుమ్నా వద్ద 2021 ఏప్రిల్‌లోనూ కార్మిక శిబిరాలు ఇట్టి ప్రమాదానికే లోనయ్యాయి.

ప్రాజెక్టు స్థలాలలో, తాత్కాలిక నివాసాలలో ఏళ్లు గడిపినవారు మనలోనూ ఎందరో ఉన్నారు. పని ముగిశాక తలదాచుకొనే గది ఎక్కడ ఉన్నది, దేనితో కట్టినది, హెచ్చరిక అందిననాడు దానిని ఎంత త్వరగా ఖాళీ చేయగలము అన్నవి కూడా భద్రతా విషయాలే. ఉక్కు గోడలు 46 కుటుంబాలకు దీపం నిలిపాయి. ఆ గోడలకు పరీక్ష రాకుండా చూడడమే తక్కిన ఎనిమిది కుటుంబాలకు మనం చూపగల గౌరవం.