చుక్కాని పట్టే వరం

హిద్‌లో కాపురముండే మన కుటుంబాలకు సముద్రం ఇంటి పక్క చుట్టమే. ఒకప్పుడు ముహర్రక్ దీవిలోని ఈ ఊరి నుంచి ముత్యాల వేటకు పడవలు బయలుదేరేవి. పడవ నాయకుణ్ణి ‘నఖుదా’ అనేవారు. ఆయన మాట మీదే అందరి బతుకూ ఆధారపడేది. అయితే చాలామంది మునకగాళ్ళు ఆ నఖుదాలకే అప్పుపడి, ఏళ్ళ తరబడి ఆ అప్పులోనే మగ్గిపోయారు. 1920లలో సంస్కరణలు వచ్చాకే మునకగాడి చేతికి సొంత లెక్కపుస్తకం అందింది. నాయకత్వం కాపాడనూ గలదు, కట్టిపడేయనూ గలదు!

మరి క్రైస్తవ జీవితంలో నాయకత్వం అంటే ఏమిటి? పౌలు కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 12వ అధ్యాయంలో దేవుడిచ్చే వరాలను వరసగా చెబుతాడు. అందులో నాయకత్వానికి వాడిన గ్రీకు మాట ‘కుబెర్నేసిస్’. అంటే ఓడ చుక్కాని పట్టడం. 1948లో నార్బర్ట్ వీనర్ తన పుస్తకానికి ‘సైబర్నెటిక్స్’ అని పేరు పెట్టింది కూడా ఈ వేరు నుంచే. మా ఐటీ వాళ్ళ నోట రోజూ నలిగే ‘సైబర్’ అలా వచ్చిందే. ఇంకో విశేషం గమనించండి. ఆ వరసలో నాయకత్వానికి ముందున్నది సహాయం చేసే వరం. రోమా పత్రిక 12వ అధ్యాయంలోనైతే నాయకుడి చోటు దానం చేసేవాడికీ, కరుణ చూపేవాడికీ మధ్యన!

వరం అంటే మనం సంపాదించుకున్నది కాదు, మనకు అప్పగించినది. కాబట్టి గర్వపడడానికి వీల్లేదు, లెక్క మాత్రం చెప్పాలి.

దీనికి మన తెలుగునేల మీదే ఒక గొప్ప ఉదాహరణ ఉంది. వేదనాయకం శామ్యూల్ అజరయ్య గారు 1874లో తిరునల్వేలి ప్రాంతంలో పుట్టిన తమిళుడు. సేవ చేయడానికి డోర్నకల్ వచ్చి, పెద్దయ్యాక తెలుగు నేర్చుకున్నారు. 1910లో ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో పాశ్చాత్య మిషనరీల ఎదుట నిలబడి, మీ త్యాగాలు గొప్పవే, కానీ మాకు స్నేహం కావాలి అన్న అర్థం వచ్చేలా నిర్భయంగా మాట్లాడారు. 1912 డిసెంబర్ 29న కలకత్తాలో అభిషేకం పొంది, ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయ్యారు. ఆ పదవిని ఆయన సింహాసనంగా చూసుకోలేదు. పల్లెల్లో తిరిగారు. మాల, మాదిగ పేటల విశ్వాసుల నుంచే బోధకులనూ గురువులనూ తయారుచేశారు. సంఘాల ఐక్యత కోసం ఏళ్ళ తరబడి పాటుపడి, 1945 జనవరి 1న కన్నుమూశారు. దక్షిణ ఇండియా సంఘం ఏర్పడింది 1947 సెప్టెంబర్ 27న. ఆ రోజును ఆయన చూడలేదు, అయినా పని ఆగలేదు.

గల్ఫ్‌లో ఉన్న మనకు ఇది బాగా పట్టే పాఠం. ఇక్కడ ఎవరి వీసా ఎన్నాళ్ళో తెలియదు. ఈ శుక్రవారం ప్రార్థన నడిపించిన అన్నయ్య వచ్చే నెలకు ఇండియా విమానం ఎక్కవచ్చు. తాళాలు, లెక్కలు, ఫోన్ నంబర్లు, పాటల పుస్తకాలు అన్నీ ఆయన దగ్గరే ఉంటే ఆ సహవాసం గతి ఏమిటి? ఒక్క సర్వర్ ఆగితే మొత్తం ఆగిపోయే ఏర్పాటును మా వృత్తిలో ఎవరూ మెచ్చుకోరు. సంఘానికైనా, అసోసియేషన్‌కైనా అంతే. కుర్చీ కోసం పోటీ పడినన్నాళ్ళూ మనం వరాన్ని ఆస్తి అనుకుంటున్నట్టే. పక్కవారికి పని నేర్పిన రోజున అది మళ్ళీ వరమవుతుంది.

పిల్లలూ, ఇది మీకు కూడా! క్లాస్ లీడర్ బ్యాడ్జి లేకపోయినా ఫరవాలేదు. స్కూల్ బస్సులో కొత్తగా చేరిన చిన్నవాడికి మీ పక్కన చోటిస్తే చుక్కాని మీ చేతికి వచ్చినట్టే. అమ్మానాన్నలూ, ఈ వారం ఒక బాధ్యతను మీ పిల్లలకో, మీ తర్వాతి వరసవారికో అప్పగించి చూడండి. వాళ్ళ పక్కనే ఉండండి, చేయి మాత్రం వదలండి.