పెద్దపేగు క్యాన్సరు చికిత్స ముగిసిన తరువాత



పెద్దపేగు క్యాన్సరుకు చికిత్స ముగించుకొని ఇల్లు చేరినవానిని చూచి 'గండము గడిచినది' అందుము. పిదప అతని అవస్థ అడుగువారుండరు.

మా సభ్యుడొకడు ఆరునెలల చికిత్స తరువాత మగ్గమున కూర్చున్నాడు. తెగిన పోగు వ్రేళ్లకు తెలియుటలేదు. సిగ్గుపడి చెప్పలేదు. నేను బట్టలో తప్పులెంచి కూలి తగ్గించితిని. అది అశ్రద్ధ కాదు. ఆక్సాలిప్లాటిన్ అను మందు వలన నరములకు కలిగిన తిమ్మిరి. కొందరికి నెలలలో తగ్గును. కొందరికి ఏండ్లు నిలుచును. చికిత్స జరుగునపుడే చెప్పినచో డాక్టరు మోతాదు మార్చవచ్చును.

కడుపుపై మలమార్గము అమర్చి సంచి తగిలించినవారు బరువులెత్తిన అచట హెర్నియా రావచ్చును. పడుగు దోనెను ఇతరులెత్తవలెను. సంచి చుట్టు చర్మము పుండు పడకుండ చూచుట ఇంటివారును నర్సు వద్ద నేర్వవలెను. పంక్తిభోజనమునకు వారిని తప్పక పిలువవలెను.

మొదటి రెండేండ్లు 3 నుండి 6 నెలలకొకమారు డాక్టరు చెప్పిన రక్తపరీక్ష, శస్త్రచికిత్స జరిగిన ఏడాదికి కొలనోస్కోపీ మానరాదు. తోబుట్టువులు, బిడ్డలు 40వ ఏట గాని, రోగికి వ్యాధి కనిపించిన వయసుకు 10 ఏండ్లు ముందు గాని, ఏది ముందైన అప్పుడు పరీక్ష చేయించుకొనవలెను.

సంఘములు ఇట్టివారికి కొన్నాళ్లు సన్ననూలు మాని ముతకనూలు ఇయ్యవలెను. తప్పులెంచుటకు ముందు వ్రేళ్లెట్లున్నవో అడుగవలెను.

— కార్యదర్శి