గుండెలో పాత పూడిక

గుండెకు నెత్తురు తెచ్చే నాళం నూటికి నూరు పాళ్లూ మూసుకుపోయిందని డాక్టరు చెప్పగానే ఇంటిల్లిపాదికీ కాళ్లూ చేతులూ ఆడవు. “మరి ఇన్నాళ్లూ ప్రాణం ఎలా నిలిచిందండీ?” అని అడుగుతారు. నిలవడంలోనే ఉంది విశేషం!

నాళం హఠాత్తుగా మూసుకుపోతే గుండెపోటు. అది నిమిషాల మీది వ్యవహారం. అలాకాక, పూర్తిగా మూసుకుపోయి మూడు నెలలు దాటినదాన్ని వైద్యులు పాత పూడికగా లెక్కిస్తారు. నాళం కొద్దికొద్దిగా పూడుతుంటే, పక్కనున్న సన్నని నాళాలు వెడల్పై తమకు చేతనైనంత నెత్తురు అందిస్తాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస వైపు విరుచుకుపడి, చెట్లు రోడ్లకు అడ్డంగా కూలినప్పుడు జనం తోటల మధ్య కాలిబాటలు పట్టలేదూ? ఇదీ అంతే. అయితే కాలిబాటన మనిషి పోగలడు గాని లారీ పోలేదు. కూర్చున్నప్పుడు చాలిన నెత్తురు నడిచేటప్పుడు చాలదు.

ఉద్దానంలో జీడితోట ఉన్న మా మామయ్యది సరిగ్గా ఇదే అవస్థ. “ఏటోరా, నాలుగడుగులేస్తే గుండె పట్టేస్తంది, కూకుంటే తగ్గిపోతంది” అంటూ ఏడాది గడిపేశాడు. టెక్కలిలో ఈసీజీ తీయించి, పలాసలో రైలెక్కించి, విశాఖపట్నం తీసుకువెళ్లాం. మా ఊరు ఉద్దానమని వినగానే డాక్టరుగారు అడిగిన మొదటి ప్రశ్న గుండెను గురించి కాదు. “క్రియాటినిన్ ఎంత?” అన్నారు.

కారణం ఉంది. ఏంజియోగ్రాంలో నాళాలు కనబడడానికి ఎక్కించే రంగుమందు మూత్రపిండాల ద్వారానే బయటికి పోవాలి. ఉద్దానంలో ఎందరినో మూత్రపిండాల జబ్బు పీడిస్తున్నది. దాని మూలమేమిటో శాస్త్రజ్ఞులు నేటికీ తేల్చలేదు. పైగా పాత పూడిక తెరవడం గంటల పని, మందూ ఎక్కువే పడుతుంది. అందుకే ముందు రక్తపరీక్ష చేసి, అవసరమైతే సెలైన్ ఎక్కించి, మందును వీలైనంత తగ్గించి వాడతారు.

గుండెనాళాన్ని బుడగతో తెరిచే విద్యను 1977లో జూరిచ్‌లో గ్రుంట్‌జిగ్ అనే వైద్యుడు ఆరంభించాడు. పాత పూడిక కొన గట్టిపడి, మూతలా ఉంటుంది. మిల్లీమీటరులో మూడోవంతు మందంగల తీగతో దాన్ని ఛేదించి, బుడగతో వెడల్పు చేసి, స్టెంటు అమరుస్తారు. ముందునుంచి దారి దొరకకపోతే ఆ పక్కనాళాల గుండానే వెనుకనుంచి తీగను పంపుతారు! ఆరితేరినవారి చేతిలో నూటికి 85, 90 దాకా ఫలిస్తుంది. నాళానికి చిల్లిపడే ప్రమాదమూ లేకపోలేదు. కొందరికి బైపాస్ ఆపరేషనే మేలు.

ఇంతకీ తెరవాలా, వద్దా? 2018లో వెలువడిన ఐరోపా పరిశీలనలో, తెరిపించుకొన్నవారికి మందులు మాత్రమే వాడినవారికన్నా నొప్పి బాగా తగ్గింది. కాని 2019 నాటి కొరియా పరిశీలనలో మరణాలూ, గుండెపోట్లూ తగ్గినట్టు తేలలేదు. అంటే ఇది ముఖ్యంగా బాధ తీర్చే చికిత్స. మాత్రలతో బాధ తీరితే తొందరలేదు, తీరకపోతే వెనుకాడనక్కరలేదు. మామయ్యకు మాత్రలతోనే నొప్పి అదుపులోకి వచ్చింది. చుట్ట మానేశాడు. పూడిక అలాగే ఉంది, మామయ్య మాత్రం తోటలోకి నడుస్తున్నాడు.

కనుక డాక్టరును మూడు సంగతులు అడగండి: నా నొప్పికి ఈ పూడికే కారణమా? మందులతో తగ్గదా? నా మూత్రపిండాలు దీనికి తట్టుకొంటాయా? 2023 డిసెంబరులో పలాసలో మూత్రపిండాల జబ్బుల కోసమే 200 పడకల ఆసుపత్రి ప్రారంభమైంది. ఒళ్లునొప్పులకు దుకాణంలో తోచిన బిళ్ల కొని మింగకండి. వాటిలో చాలావాటివల్ల మూత్రపిండాలకూ, గుండెకూ కూడా చేటే.

ఒక్కమాట మరవకండి. కూర్చున్నా తగ్గని గుండెనొప్పి, చెమటలు, ఆయాసం — ఇవి కనిపిస్తే అది పాత పూడిక కథ కాదు. వెంటనే 108కి ఫోను చేయండి.