ట్రినిడాడ్ కార్నివాల్: పుట్టుపూర్వోత్తరాలు, ఆచారాలు

రంజాను మాసపు ఉపవాసదీక్షను ఎరిగిన మన విద్యార్థులకు, క్రైస్తవులలో కూడ అట్టి దీక్షాకాలం ఒకటి ఉన్నదని తెలిసే ఉంటుంది. ఈస్టరు పండుగకు ముందు, ఆదివారాలు మినహాయించి నలభై దినాలు సాగే ఆ కాలాన్ని తెలుగు క్రైస్తవులు కొందరు తపస్కాలమని, మరికొందరు శ్రమదినాలని వ్యవహరిస్తారు. అది విభూది బుధవారం నాడు ఆరంభమౌతుంది. పూర్వకాలంలో ఆ దినాలలో మాంసాహారం నిషిద్ధం. కావున దీక్ష పట్టుటకు ముందు తృప్తిగా భుజించి, వేషాలు కట్టి, ఆడిపాడి వినోదించే సంప్రదాయం ఐరోపాలోని కాథలిక్ దేశాలలో ఏర్పడింది. దానికే కార్నివాల్ అని పేరు. మాంసమును తొలగించుట అను అర్థమిచ్చే లాటిన్ మాటల నుండి ఈ పేరు పుట్టినదని పండితుల అభిప్రాయం. ఈస్టరు తేదీ వసంతకాలపు పూర్ణిమను అనుసరించి మారుతూ ఉంటుంది గనుక, కార్నివాల్ కూడ ఒక్కొక్క సంవత్సరం ఫిబ్రవరిలోను, ఒక్కొక్క సంవత్సరం మార్చి ఆరంభంలోను వస్తుంది.

ఇటలీలోని వెనిస్‌లోను, బ్రెజిల్‌లోని రియో నగరంలోను, మన దేశంలో గోవాలోను ఈ ఉత్సవం ప్రసిద్ధమైనదే. అయినను మేము ఈ వ్యాసానికి ట్రినిడాడ్ ద్వీపపు కార్నివాల్‌ను ఎన్నుకొన్నాము. అందుకు రెండు కారణాలు ఉన్నాయి. మొదటిది, యజమానుల వినోదంగా వచ్చిన ఉత్సవం బానిసత్వం నుండి విముక్తులైనవారి సొంత పండుగగా మారిన చరిత్ర అక్కడ స్పష్టంగా కనిపిస్తుంది. రెండవది, ఆ చరిత్రలో మన మొహర్రం పండుగకు సంబంధించిన ఘట్టం ఒకటి ఉన్నది.

యజమానుల వినోదం

ట్రినిడాడ్ దక్షిణ అమెరికా ఉత్తరతీరాన, వెనిజులా దేశానికి చేరువలో ఉన్న ద్వీపం. 1498లో కొలంబస్ దానిని చూచిన పిమ్మట అది స్పెయిన్ వశమైంది. ఆ ద్వీపంలో జనసంఖ్య స్వల్పంగా ఉన్నందున, కాథలిక్ మతస్థులైన విదేశీయులు వచ్చి స్థిరపడినచో భూములు ఇచ్చెదమని స్పెయిన్ రాజు 1783లో ప్రకటించాడు. వెంట తెచ్చిన బానిసల సంఖ్యను బట్టి అదనపు భూమి లభించేది. ఇట్లు పొరుగు ద్వీపాల నుండి ఫ్రెంచివారు ఆఫ్రికా బానిసలను వెంటబెట్టుకొని తరలివచ్చారు. 1797లో బ్రిటిషువారు ద్వీపాన్ని జయించినను, తోటల యజమానుల భాష, ఆచారాలు చాలకాలం ఫ్రెంచివిగానే ఉండిపోయాయి. కార్నివాల్ కూడ వారితో వచ్చినదే.

క్రిస్మస్ మొదలుకొని విభూది బుధవారం వరకు ఆ యజమానులు విందులు, ముసుగు నృత్యాలు జరుపుకొనేవారు. వారి వేషాలలో ఒకటి తోటలో పనిచేసే నల్లజాతి బానిస వేషం. చెరకు తోట అంటుకొన్నప్పుడు చుట్టుపట్ల తోటల బానిసలను కొమ్ములూది పిలిచి, కాగడాలతో రాత్రివేళ తరలించి, కొరడాల అదిలింపుల మధ్య మంటలార్పే పనికి దింపేవారు. కాలిన చెరకు అను అర్థంగల ఫ్రెంచి మాటలను బట్టి దీనికి కాంబులే అని పేరు వచ్చింది. ఒకరికి ప్రాణసంకటమైన ఆ పనిని మరొకరు వేషం కట్టి ఆడి నవ్వుకొనేవారు. ఈ విషయం గుర్తున్నప్పుడే తరువాతి చరిత్ర బోధపడుతుంది.

విముక్తుల పండుగ

బ్రిటిషు సామ్రాజ్యంలో బానిసత్వాన్ని రద్దుచేసే చట్టం 1834 ఆగస్టు 1వ తేదీన అమలులోకి వచ్చింది. పనినేర్పు కాలమను నెపంతో మరి నాలుగేళ్ళు కట్టుబడిన పిమ్మట, 1838 ఆగస్టు 1న వారికి పూర్తి స్వేచ్ఛ లభించింది. స్వేచ్ఛ పొందినవారు వీధులలోకి వచ్చి కాంబులేను తామే ఆడసాగారు. కాగడాలు వెలిగించి, డోళ్ళు మ్రోగిస్తూ, కర్రసాము చేస్తూ, తాము అనుభవించిన బాధను తామే జ్ఞాపకం చేసుకొన్నారు. కాలక్రమంలో ఈ ఊరేగింపు కార్నివాల్ ఆదివారం అర్ధరాత్రి బయలుదేరే ఆచారంగా స్థిరపడింది. యజమానుల వంశీకులు క్రమంగా వీధులు విడిచి తమ భవనాలకే పరిమితులయ్యారు.

ఈ ఉత్సవం అధికారులకు, పత్రికలకు కంటగింపు అయింది. ఇది రణగొణ ధ్వని అని, అసభ్యమని, శాంతిభంగమని వారు నిందించారు. పోలీసు అధికారి కెప్టెన్ బేకర్ 1880లో కర్రలను, డోళ్ళను, కాగడాలను లాగివేసుకొన్నాడు. 1881లో మరల అట్లే చేయబోగా, పోర్ట్ ఆఫ్ స్పెయిన్ నగరంలో కర్రసాము వీరులు ఏకమై పోలీసులను ఎదిరించారు. తుదకు 1884లో ప్రభుత్వం శాసనం చేసి కాగడాల ఊరేగింపును, కర్రలతో గుంపుగూడుటను, డోలు వాయించుటను నిషేధించింది.

హోసే: మొహర్రం సముద్రం దాటిన వృత్తాంతం

అదే సంవత్సరం మరియొక పండుగపై కూడ ఆంక్షలు వచ్చాయి. బానిసత్వం పోయిన పిమ్మట చెరకు తోటలకు కూలీలు కావలసి, ఒప్పందపత్రాలపై భారతీయులను తీసుకొనిపోయారు. తొలి ఓడ ఫతల్ రజాక్ 1845 మే 30న ట్రినిడాడ్ చేరింది. 1917 వరకు సుమారు 1,44,000 మంది ఇట్లు వెళ్ళారు. అధికసంఖ్యాకులు కలకత్తా రేవునుండి వెళ్ళినను, మదరాసు రేవునుండి ఓడయెక్కినవారూ ఉన్నారు. వీరిలో తమిళులతో పాటు తెలుగువారు కూడ ఉన్నారు.

వీరితో మొహర్రం వెళ్ళింది. కర్బలా యుద్ధంలో అమరుడైన ఇమాం హుస్సేన్ నామస్మరణ వలన ఆ పండుగకు అక్కడ హోసే అని పేరు వచ్చింది. రంగుకాగితాలతో, వెదురుతో తాజియాలు కట్టి, తాషాలు మ్రోగిస్తూ ఊరేగించి, సముద్రంలో నిమజ్జనం చేసేవారు. మన తెలంగాణ, రాయలసీమ గ్రామాలలో పీర్ల పండుగ నాడు హిందూ ముస్లిం భేదం లేకుండ జనం పీర్లను ఎత్తుకొన్నట్లే, అక్కడ హిందువులు కూడ తాజియాలు కట్టేవారు. ఆఫ్రికా సంతతివారు డోళ్ళు వాయించేవారు. తోటకొక తాజియా చొప్పున వేలాదిమంది కూలీలు ఒకచోట చేరుట పాలకులకు భయకారణమైంది. 1884లో హోసే ఊరేగింపులు పట్టణాలలో ప్రవేశించరాదని, భారతీయులు కానివారు పాల్గొనరాదని ఉత్తర్వులు వెలువడ్డాయి. వాటిని సడలించవలసినదిగా కోరుతూ అర్జీ పెట్టినవారికి నాయకుడు సుఖూ అను హిందువు. అర్జీ తిరస్కృతమైంది.

1884 అక్టోబరు 30న శాన్ ఫెర్నాండో పట్టణపు పొలిమేరలో, తాజియాలతో వస్తున్న జనంపై కాల్పులు జరిగాయి. పలువురు మరణించారు. గాయపడినవారు వందకు పైగా ఉన్నారు. ఒకే ఏడాదిలో కాంబులే డోలును, హోసే ఊరేగింపును ప్రభుత్వం అణచదలచినది. ఈ రెండు పండుగలవారి మతాలు వేరు, ఖండాలు వేరు. అయినను ఇద్దరూ చెరకు తోటల శ్రామికులే. వారి పండుగలోని సమైక్యతయే పాలకులకు నేరంగా తోచింది.

వెదురు నుండి ఉక్కు వరకు

చర్మవాద్యాలు పోయినవని పండుగ ఆగిపోలేదు. ప్రజలు వెదురుబొంగులను వేర్వేరు పొడవులలో కోసి, పెద్దవాటిని నేలపై మోది, చిన్నవాటిని ఒకదానితో ఒకటి తాటించి తాళం కల్పించారు. ఈ మేళాన్ని తంబూ బాంబూ అన్నారు. 1930ల చివరి సంవత్సరాలలో పోర్ట్ ఆఫ్ స్పెయిన్ పేదవాడల యువకులు వెదురుకు బదులు బిస్కత్తు డబ్బాలను, రంగు డబ్బాలను, చెత్తకుండీల మూతలను వాయించసాగారు. దెబ్బతగిలి ఒకచోట సొట్టపడిన రేకు వేరొక స్వరం పలుకుతుందని వారు గమనించారు. విన్‌స్టన్ స్ప్రీ సైమన్, నెవిల్ జూల్స్, ఎలీ మానెట్ మొదలైనవారు ఈ విద్యను అభివృద్ధి చేసినవారిగా ప్రసిద్ధులు. రెండవ ప్రపంచయుద్ధం వలన 1942 నుండి నిలిచిపోయిన వీధి కార్నివాల్ యుద్ధానంతరం మరల ఆరంభమైంది. అప్పటికి చమురు నింపే పెద్ద పీపాలు వాద్యాలుగా రూపొందుతున్నాయి.

ఈ వాద్యాన్ని పాన్ అంటారు. పీపా మూతభాగాన్ని సుత్తితో మోది పళ్ళెం వలె లోనికి వంచుతారు. దానిపై ఒక్కొక్క స్వరానికి ఒక్కొక్క చోటును గుర్తించి గాడి వేస్తారు. మంటపై కాల్చి, పిమ్మట చిన్న సుత్తితో శ్రుతి చేస్తారు. చోటు చిన్నదైతే హెచ్చుస్వరం, పెద్దదైతే మంద్రస్వరం పలుకుతుంది. వాయించుటకు కొనకు రబ్బరు చుట్టిన పుల్లలను వాడతారు. 1951లో ట్రినిడాడ్ వాద్యబృందం లండనులో జరిగిన బ్రిటన్ ఉత్సవంలో కచేరీ చేసి శ్రోతలను ఆశ్చర్యచకితులను గావించింది. 1992లో పాన్ ఆ దేశపు జాతీయ వాద్యమైంది. 2023లో ఐక్యరాజ్యసమితి ఆగస్టు 11ను ప్రపంచ స్టీల్‌పాన్ దినంగా ప్రకటించింది. 2025 జనవరిలో ఆ దేశపు పార్లమెంటు, రాజ్యచిహ్నంలోని కొలంబస్ ఓడలను తొలగించి పాన్‌ను చేర్చే శాసనాన్ని ఆమోదించింది.

ఉత్సవ క్రమం

కార్నివాల్ సన్నాహాలు క్రిస్మస్ వెళ్ళగానే ఆరంభమౌతాయి. కలిప్సో గాయకులు తమ శిబిరాలలో నాటి రాజకీయాలను, ధరలను, పెద్దమనుషుల కపటాలను ఎత్తిపొడిచే కొత్త పాటలు వినిపిస్తారు. 1963లో ఆరంభమైన పనోరమా అను పాన్ మేళాల పోటీ ఈ ఋతువుకంతటికీ తలమానికం. ఆదివారం రాత్రి ముగిసి సోమవారం తెల్లవారక ముందే జూవే ఊరేగింపు బయలుదేరుతుంది. పగలు విచ్చుకొన్నదని ఆ పేరుకు అర్థం. ఒంటికి బురద, రంగు, నూనె పూసుకొని జనం చీకటిలోనే వీధులలో ఆడతారు. పూర్వపు కాంబులే ఛాయలు ఇందులో నేటికీ కనిపిస్తాయి. మంగళవారం వేలాదిమంది దళాలుగా ఏర్పడి, మెరుగు దుస్తులతో నగరమంతా ఊరేగుతారు. ఆ అర్ధరాత్రితో ఆట సమాప్తం. మరునాడు విశ్వాసులు చర్చికి వెళ్ళి నుదుట విభూది ధరిస్తారు.

సంప్రదాయ వేషాలలో ఎత్తయిన కొయ్యకాళ్ళపై నడిచే మోకో జంబీ ఆఫ్రికా నుండి వచ్చినది. యజమానుల ఇల్లాండ్రను వెక్కిరించే వేషం డామ్ లొరేన్. వెడల్పాటి టోపీ ధరించి, బెదిరింపు ఉపన్యాసాలు దంచి డబ్బడిగే గజదొంగ వేషం మరియొకటి. ఇంటింటికీ తిరిగి మాటకారితనంతో మెప్పించే మన పగటివేషగాళ్ళను ఎరిగినవారికి ఈ కళ క్రొత్తగా తోచదు.

భారతీయ సంగీతం కూడ ఈ పండుగలో కలిసింది. 1970లలో లార్డ్ షార్టీ అను ఆఫ్రికా సంతతి గాయకుడు కలిప్సోకు భారతీయ డోలక్ నడకలను జోడించి సోకా అను క్రొత్త బాణీకి మార్గం వేశాడు. నేడు కార్నివాల్ వీధులలో మారుమ్రోగేది ప్రధానంగా ఆ బాణీయే. హోసే కూడ నిలిచి ఉన్నది. పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లోని సెయింట్ జేమ్స్‌లోను, దక్షిణ తీరపు సెడ్రోస్‌లోను నేటికీ తాజియాలు లేస్తాయి, తాషాలు మ్రోగుతాయి.

ఉపసంహారం

పండుగను కేవలం వేడుకగా చూచేవారికి రంగులు, కేకలు మాత్రమే కనిపిస్తాయి. ఆనాటి అధికారులకు కనిపించినవి కూడ అవే. ఆ చప్పుడు వెనుక, చదువుకు, కాగితానికి నోచుకోని జనం తమ చరిత్రను భద్రపరచుకొన్నారన్న సంగతిని వారు గ్రహించలేకపోయారు. డోలును నిషేధింపగా వెదురు పలికింది. వెదురు తరువాత ఉక్కు పలికింది. నాడు శిక్షార్హమైన ఆ నాదమే నేడు ఒక జాతికి గౌరవచిహ్నమైంది.

మన ఊళ్ళలో పీర్ల చావిడి ముందు గుండం చుట్టూ ఆడేవారు, బతుకమ్మ పేర్చేవారు, వీధిలో వేషం కట్టేవారు కూడ ఇట్టి చరిత్రనే మోస్తున్నారు. ఉర్దూ, తెలుగు భాషలు రెండూ వినిపించే మన కళాశాల విద్యార్థులు, సెలవులకు ఇండ్లకు వెళ్ళినప్పుడు, ఆ పండుగలను గూర్చి పెద్దలను అడిగి తెలుసుకొని వ్రాసిపెట్టగలరని, అట్టి వ్యాసాలకు కళాశాల పాలకవర్గం ఈ సంచికలో చోటు కల్పించగలదని మేము ఆశిస్తున్నాము.